వేళ్ళు వచ్చేదాకా

పొద్దున్నే ఆడవాళ్ళకు ఫోన్ చేసి "రాత్రి ఏం కలొచ్చిందండీ?" అని అడగడం నా ఉద్యోగం. దీన్ని ఉద్యోగమంటే మా అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోరు. "కలలకు జీతాలేమిటే సుభాషిణీ, నావి ఊరికే చెబుతాను, వినవూ?" అంటారు. ఆవిడ కలల్లో ఎప్పుడూ నేనే పాలు పొంగిపోనిస్తూ కనిపిస్తాను కాబట్టి నేను వినను.

మా ప్రయోగశాల రాజమండ్రిలో, గోదావరి గట్టు మీద ఒక పాత మేడలో ఉంది. డాక్టర్ హైమవతిగారు అందులో ఏళ్ళ తరబడి కూర్చుని ఒక గింజను తయారుచేశారు. సగ్గుబియ్యం గింజంత ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళకు ఆపరేషన్ చేసి, చెడిన ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టేటప్పుడు ఆ కుట్టు పక్కనే దాన్ని పెట్టేస్తారు. అది అక్కడే ఉండి ఒళ్ళంతా తిరిగొచ్చే రక్తాన్ని వింటూ ఉంటుంది. మనిషి నిద్రపోయాక, విన్నదంతా పేగుల నుంచి మెదడుకు పోయే నరం మీదుగా పైకి పంపుతుంది. మెదడుకు రసాయనాల గొడవ తెలియదు. దానికి తెలిసింది ఇల్లూ వాకిలీ, చేసుకునే పనీ. అందుకని విన్నదాన్ని తనకు తెలిసిన సామానుతోనే కలగా కట్టుకుంటుంది. ధవళేశ్వరంలో ఒక టీచరుగారున్నారు. ఆవిడకు రోజూ తరగతి గది కలలోకి వస్తుంది. ఒంట్లో నలతగా ఉంటే ఆ కలలో ఎవరో ఒక పిల్లవాడు బడికి రాడు.

ఎందుకింత తంటా అంటే, పేగు జబ్బు నుంచి బయటపడిన ఆడవాళ్ళలో కొందరికి కొన్నాళ్ళకు మరోచోట, గర్భసంచిలోనో రొమ్ములోనో, దానితో సంబంధం లేని కొత్త క్యాన్సర్ పుడుతుంది. పాతది పాకడం కాదు, ఇది వేరు. ఆస్పత్రివాళ్ళు పాత దొంగ కోసం పెరటి తలుపు దగ్గర కాపలా కాస్తుంటే, కొత్తవాడు వీధి తలుపు తీసుకుని నింపాదిగా లోపలికి వస్తాడు. గింజ ఆ కొత్త అడుగుల చప్పుడు వింటే మా దగ్గర తెర మీద గీత పైకి లేస్తుంది. ఏదో ఉందని గీత చెబుతుంది. ఎక్కడుందో మాత్రం కలే చెప్పాలి.

నూకరత్నంగారు కడియం దగ్గర నర్సరీ మనిషి. యాభై దాటింది. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ మొక్కలే. ఆవిడ కల ఎప్పుడూ ఒక్కటే, తోట. అచ్చం పగటి తోటలాగే ఉంటుంది గానీ అందులో ఎండ ఉండదట. ఎటు చూసినా తెల్లవారబోయే ముందరి వెలుతురే. కాలవలో నీళ్ళు పారతాయి, చప్పుడు ఉండదు. నడుస్తుంటే పాదాలకు మట్టి అంటదు. తోట చివర, నీడ కోసం కట్టిన పచ్చవల కింద నారుమడి దగ్గర, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ మాణిక్యం అటు తిరిగి కూర్చుని ఉంటుంది.

"పిలిస్తే పలకరా?" అని అడిగాను మొదట్లో.

"ఆయ్, పలకదండి. కలుపు తీత్తా ఉంటదండి. బతికున్నప్పుడూ అంతేనండి, పనిలో ఉంటే యముడు పిలిచినా పలికేది కాదు."

ఆ తోటలో ఏది ఏమిటో తెలుసుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. ఒకనాడు ఆవిడ "మోటారు దగ్గర పైపు అతుకు ఊడిపోయిందండి, సైకిల్ ట్యూబు చుట్టి కట్టేను" అంది. ముందురోజు పనసతొనలు కడుపునిండా తిన్నట్టు తర్వాత బయటపడింది. పైపు అతుకంటే పేగు కుట్టు అని మాకు అర్థమైంది. జలుబు చేసినప్పుడు గేటు మీది తీగ తడిసి ముద్దయ్యేది. మోకాళ్ళు నొప్పి పెడితే సిమెంటు దిమ్మలు కుంగేవి. నారుమడి ఏమిటో మాత్రం తేలలేదు. అక్కడ ఎప్పుడూ ఏమీ జరగలేదు.

రోజూ ఆవిడ ఫోనంటే నాకు సరదా. పిండినల్లి పట్టిందనీ, ఎవరో మేకను తోలారనీ, నోట్లో ఉన్న తిట్లన్నీ తిట్టి మరీ చెప్పేది. అలాంటి మనిషి తొలకరికి ముందు ఉన్నట్టుండి మాట తగ్గించేసింది.

"అంతా బాగుందండి."

"పురుగూ గట్రా?"

"ఏమీ లేదండి. ఉంటానండి మరి."

ఆ వారమే తెర మీద ఆవిడ గీత లేచింది. హైమవతిగారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "చీడ ఉందా? లేదంది. కుళ్ళు? లేదంది. కొమ్మలు ఎండాయా? లేదంది. అయితే జ్వరమై ఉంటుంది సుభా." గింజ పెట్టిన ప్రతి ఆడమనిషికీ ఆవిడ నేర్పిన పాఠం అదే. కలలో చెడిపోయింది ఏది కనిపించినా చెప్పండి అని.

నాకు నమ్మకం కుదరలేదు. రైతూ నర్సరీవాడూ అంతా బాగుందని ఎప్పుడైనా అన్నారా? పిల్ల పెళ్ళి పందిట్లో కూడా వానకు మొక్కేమవుతుందో అని ఆకాశం వంక చూసే మనుషులు. బస్సెక్కి కడియం వెళ్ళాను.

రత్నంగారి భర్త వీర్రాజుగారు గేటు దగ్గర ఎదురొచ్చి కుర్చీ వేయించారు. తోట వెనక వైపు పాత చీర కప్పిన మొక్క ఒకటి కనిపించి, ఏమిటా అని అటు రెండడుగులు వేశాను. ఆయన కంగారుగా అడ్డం వచ్చారు.

"అటెళ్ళకండమ్మా! ఏమీ అనుకోకండి. కొత్త రకం చామంతండి. ఓ కొమ్మకి రంగు మారింది."

"చూస్తే ఏమవుతుందండీ?"

"వేళ్ళు వచ్చేదాకా ఎవరికీ చూపించమండి. మా ఊళ్ళో అంతేనండి, సొంత తమ్ముడికైనా చూపించరు. ఇయ్యాల చూపిత్తే తెల్లారేతలికి కొమ్మ మాయం. అంటు కట్టి, వేళ్ళొచ్చి, నాలుగు మొక్కలు చేతిలో ఉన్నాకే బయటికి తీత్తాం. మా తాత క్రోటను అలాగే దాచేడండి. ఇప్పటికీ దాన్ని వీర్రాజు క్రోటనే అంటారు, నాకూ ఆయన పేరే పెట్టేరు."

ఆయన గర్వంగా చెప్పుకుపోతున్నారు. నాకు మాత్రం అక్కడే కాళ్ళు ఆగిపోయాయి. ఒకే మొక్కలో ఎక్కడో ఒక కణం దారి తప్పి, తనలాంటివాటినే పుట్టించుకుంటూ పోతే ఆ కొమ్మకు కొత్త రంగు వస్తుంది. నర్సరీవాళ్ళు దాన్ని అదృష్టమంటారు. మనిషి ఒంట్లో అదే జరిగితే దానికి వేరే పేరు ఉంది.

రత్నంగారు షెడ్డులో కూర్చుని కవర్లలో మట్టి నింపుతోంది. పక్కన చతికిలబడి, నేనూ ఒక కవరు తీసుకున్నాను. నాలుగు కవర్లు పాడుచేశాక అడిగాను.

"కలలో ఏం దాచారండీ?"

ఆవిడ తల ఎత్తకుండానే కొత్త పెళ్ళికూతురిలా నవ్వింది.

"ఎవరికీ చెప్పకూడదండి. ఇంకా పూర్తిగా వేళ్ళు రాలేదు."

"నేను మొక్కలవాళ్ళ మనిషిని కాదు కదండీ."

"మరేననుకోండి..." గొంతు తగ్గించింది. "నారుమడి దగ్గర, మా అమ్మ కూచునే చోటికి వెనకాల, పాత నందివర్ధనం ఉందండి. దాంట్లో ఓ కొమ్మ వేరే రంగు పూసిందండి. తెలుపు కాదు, గులాబీ కాదు. పొద్దు పొడిచేముందు గోదారి మీద ఉంటదే, ఆ రంగు. నందివర్ధనంలో ఆ రంగు భూమ్మీద ఎవరి దగ్గరా లేదండి! బెరడు ఒలిచి, నాచు పెట్టి అంటు కట్టేను. రోజూ ఎళ్ళి తడిమి చూత్తన్నాను. మొన్న తెల్లగా పొడుచుకొచ్చేయండి వేళ్ళు, దారాల్లాగ."

చేతిలో కవరు కింద పెట్టేశాను. "మాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు చీడా కుళ్ళూ చెప్పమన్నారు. ఇది చీడ కాదు కదండీ."

చెప్పక తప్పలేదు. ఆ కొమ్మ ఏమయి ఉంటుందో, ఆ వేళ్ళు దిగుతున్నది ఎక్కడికో, నాకు తెలిసినంతలో మెల్లగా చెప్పాను. ఆవిడ మట్టి నింపడం ఆపలేదు.

"దాన్ని తీసేత్తారా?"

"తీసెయ్యాలండి."

"ఈ తోటలో అన్నీ మావారి తాతగారి పేరు, మావగారి పేరు, బావగారి పేరు. అన్నిటికీ నీళ్ళు పోసింది నేను. నా చేతిలో పుట్టింది ఒక్కటీ లేదండి. ఇదొక్కటే నాది. అమ్మ పేరు పెడదామనుకున్నాను." కవరు మూతి మడిచి పక్కన పెట్టింది. "నేను మీకేమీ చెప్పలేదనుకోండి. మీరెళ్ళిరండి."

తిరిగొచ్చి చెబితే హైమవతిగారు కిటికీ దగ్గర కుర్చీలో కూలబడ్డారు. "అందంగా ఉంటుందని నాకు తట్టలేదే సుభా," అన్నారు. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నారుమడి అంటే ఏమై ఉంటుందో ఇద్దరమూ అనుకున్నాం గానీ పైకి అనలేదు. విత్తనం మొలిచే చోటు. గర్భసంచి.

మర్నాడే ఇద్దరమూ కడియం వెళ్ళాం. బతిమాలితే రత్నంగారు స్కాన్‌కు వచ్చింది. స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. కనిపించేంత పెరగలేదు మరి. అందుకే కదా గింజను కనిపెట్టింది! లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి అన్నారు హైమవతిగారు.

"స్కానులో లేదన్నారు కదండీ. లేనిదాన్ని ఎలా తీత్తారు?" అంది రత్నంగారు, మహా తెలివిగా.

కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు దేవిక పరుగెత్తుకొచ్చింది. వీర్రాజుగారు అరిచారు. "కలలో పువ్వు కోసం ప్రాణం తీసుకుంటావా?"

"మీ తాతగారి క్రోటను కోసం మావయ్యగారు చచ్చేదాకా అన్నదమ్ములతో మాటాడలేదు. అది మాత్రం పువ్వు కూడా పుయ్యదు," అంది ఆవిడ.

ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే "బాగుందండి" అని పెట్టేసేది. గీత రోజురోజుకూ పైకి పోతోంది. ఒక మనిషి తన చావుకు తనే నీళ్ళు పోసి పెంచుకుంటుంటే, ఇవతల కూర్చుని గీత చూడటం ఎంత నరకమో చెప్పలేను. కోపం వచ్చేది ఆవిడ మీద. అంతలోనే, ఆ కవరు మూతి మడిచిన వేళ్ళు గుర్తొచ్చి కోపం చల్లారేది. ఆవిడ అడిగింది ఏముంది, ఒక్క పువ్వు.

ఒక ఉదయం నేను చేయకముందే ఫోన్ మోగింది.

"సుభాషిణమ్మా, అమ్మ ఇటు తిరిగిందండి."

నేను రాసుకునే పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"అంటు చూద్దామని ఎళ్ళేను. ఇటు తిరిగేతలికి కొంగు కొంచెం తొలిగింది. ఒళ్ళో కుండీ ఉందండి. అందులో అదే పువ్వు, నా కొమ్మకున్న రంగే. కాకపోతే ఆవిడది మానయిపోయింది. వేళ్ళు కుండీ పగలగొట్టుకుని, కుచ్చెళ్ళ మధ్యలోంచి మట్టిలోకి దిగిపోయేయండి. లేవలేకపోతంది. ఇన్నాళ్ళూ కలుపు తీత్తందనుకున్నాను. కాదండి. లేవలేక కూచుంది."

"ఏమన్నారు మీ అమ్మగారు?"

"ఏమీ అనలేదండి. నన్ను చూసి గబగబా కొంగు కప్పేసింది." అవతల కాసేపు ఏడుపు మాత్రమే వినిపించింది. "బతికున్నప్పుడూ అంతేనండి. కడుపులో గడ్డండి, రక్తం పోతన్నా ఎవరికీ చెప్పలేదు. గుడ్డలు ఎవరూ చూడకుండా కాలవలో ఉతుక్కునేది. నేను చిన్నదాన్ని, నాకు మాత్రం తెలిసేది. ఎవరికీ చెప్పకే అనేది. నేనూ చెప్పలేదు."

తర్వాత ముక్కు ఎగబీల్చి, మామూలు గొంతుతో అంది. "కారు పంపండి. నేను చూపించేత్తాను."

గింజకు వాళ్ళమ్మ ఎలా తెలిసిందని హైమవతిగారిని అడిగాను. "గింజకేం తెలుసే? అది ఈవిడకే తెలుసు. ఇన్నేళ్ళూ ఎక్కడో పెట్టుకుంది," అన్నారు ఆవిడ.

ముక్క తీసి చూస్తే ఉన్నమాటే. గర్భసంచి లోపలి పొరలో, ఆవగింజంత. గోడలోకి అప్పుడప్పుడే దిగుతోంది. పేగులో వచ్చినదానికీ దీనికీ చుట్టరికం లేదు, కొత్తదే. గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ఇంకెక్కడా లేదని తేలిన రోజు వీర్రాజుగారు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మమ్మకీ అమ్మకీ వచ్చింది కాబట్టి ఇది వంశంలో దిగే రకమేమో తెలుసుకోవడానికి దేవికకూ రక్తపరీక్ష చేయిస్తే మంచిదని హైమవతిగారు చెప్పారు. దేవిక తల ఊపింది. అత్తవారికి ఏం చెప్పాలో చూసుకుని వస్తానంది. వారాలు గడిచినా రాలేదు.

ప్రాణం దక్కింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఇంటికెళ్ళాక మొదటిసారి ఫోన్ చేసి కల అడిగితే రత్నంగారు ఇలా చెప్పింది.

"నారుమడి చదును చేసేసేరండి. పచ్చవల కూడా తీసేసేరు. మట్టి నున్నగా, అలికినట్టుంది."

"అమ్మగారు?"

"లేదండి. కూచోడానికి చోటేదండి?"

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. తీసింది ఆవగింజంత జబ్బే. దానితోపాటు ఒక కూతురి దగ్గర్నుంచి తల్లినీ తీసేశాం. ఆ సంగతి ఏ రిపోర్టులోనూ రాదు.

అప్పటి నుంచి నేను పొద్దున్నే అడిగే ప్రశ్న మారింది. చీడా కుళ్ళూ అడుగుతాను గానీ, అంతకంటే ముందు "కలలో మీకు బాగా నచ్చిందేమిటండీ?" అని అడుగుతాను. ధవళేశ్వరం టీచరుగారు మొదట నవ్వారు. తర్వాత ఆలోచనలో పడ్డారు.

వానలు బాగా పట్టాక ఒక తెల్లవారుజామున రత్నంగారు ఫోన్ చేసింది.

"నేను మెలకువగా ఉన్నానా అమ్మా?"

"ఏమైందండీ?"

"నూరువరహాల చెట్టుకి ఓ కొమ్మ రంగు మారింది. ఎర్రవాటి మధ్యలో ఓ గుత్తి మీగడ రంగు. కత్తెర పట్టుకుని నించున్నాను. కోసెయ్యనా? ఇది కలో నిజమో చెప్పండి."

తెర ముందుకు పరుగెత్తాను. గీత నేలకు కరుచుకుని పడుకుని ఉంది, అంటే ఒంట్లో కొత్తదేమీ లేదు. "కల కాదండి. కొయ్యకండి, వస్తున్నాను," అన్నాను. దారంతా ఒకటే బాధ. జన్మంతా ఎదురుచూసిన పువ్వు నిజంగా పూస్తే, దాన్ని చూసి భయపడేలా చేశాం కదా ఆవిడను.

హైమవతిగారూ నేనూ వెళ్ళేసరికి రత్నంగారు అలాగే నిలబడి ఉంది. జుట్టు మీద వాన తుంపర. చెట్టు నిండా ఎర్రటి గుత్తులు, మధ్యలో ఆ ఒక్కటీ నెమ్మదిగా, తనకేమీ తెలియనట్టు, మీగడ రంగులో ఉంది. హైమవతిగారు వేలితో తాకి చూసి, "నిజమేనమ్మా. నీదే," అన్నారు.

ఇంతలో వీర్రాజుగారు ఇంట్లోంచి పాత చీర తెచ్చి గబగబా కప్పబోయారు. రత్నంగారు ఆ చీర లాక్కుని బురదలో పారేసింది.

"వీధిలోవాళ్ళందర్నీ పిలండి."

"నీకేమన్నా మతిపోయిందా? ఇంకా అంటైనా కట్టలేదు, వేళ్ళే రాలేదు!"

"రాకపోతే మానె. మా అమ్మ దాచింది, నేను దాచేను. ఇంక ఈ ఇంట్లో దాపరికం వద్దు. పిలండి."

ఆయన పిలవలేదు. ఆవిడే గేటు దగ్గరికి వెళ్ళి, ఆపరేషన్ కుట్ల మీద చెయ్యి వేసుకుని కేక పెట్టింది. పక్క నర్సరీవాళ్ళు వచ్చారు, ఎదుటి నర్సరీవాళ్ళు వచ్చారు. దశాబ్దాలుగా ఒకరి తోటలోకి ఒకరు తొంగిచూడని వీర్రాజుగారి పెదనాన్న కొడుకులూ వచ్చి, చేతులు కట్టుకుని చెట్టు చుట్టూ నిలబడ్డారు. పువ్వు కంటే ఆ మనిషినే వింతగా చూశారు. ఒకాయన మొహమాటంగా "చిన్న కొమ్మ ఇత్తావేటి వదినా?" అన్నాడు. ఆవిడ అదే కత్తెరతో కోసి ఇచ్చింది. వీర్రాజుగారు అటు తిరిగిపోయారు.

ఆదివారమని వచ్చి ఉన్న దేవిక, భర్త పక్కన నిలబడి ఇదంతా చూస్తోంది. ఉన్నట్టుండి అందరిలోనూ గట్టిగా అంది. "డాక్టరుగారూ, రేపు నేనూ వస్తానండి. రక్తం ఇస్తాను." భర్త ఆశ్చర్యంగా చూశాడు. "ఏం రక్తం?" అన్నాడు. "ఇంటికెళ్ళి చెబుతాను. మొత్తం చెబుతాను," అంది.

మాక్కూడా ఒక కొమ్మ ఇచ్చింది రత్నంగారు. మా కిటికీలో, గోదావరి గాలి తగిలే చోట కుండీలో పెట్టాం. బతుకుతుందో లేదో తెలియదు, బతికినా ఏ రంగు పూస్తుందో తెలియదు. రోజూ పొద్దున్నే కల అడుగుదామని నేను ఫోన్ చేస్తే, నన్ను నోరు తెరవనివ్వకుండా ముందు ఆవిడే అడుగుతుంది.

"మొక్కకి పురుగేమన్నా పట్టిందా అమ్మా? కొత్తగా ఏమన్నా కనబడిందా? దాచకుండా చెప్పండి."

నిన్న చిన్న చిగురు వేసింది. వెంటనే చెప్పేశాను.